విహారయాత్రకు కెమెరా సామగ్రి ఎంపిక

7.1 పరిచయం

గత పాఠాల్లో అపర్చర్, షట్టర్ వేగం, ఐఎస్ఓ ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉంటాయో తెలుసుకున్నారు. ఈ పాఠం గుమ్మం దాటకముందు చేయవలసిన పని గురించి: సంచిలో ఏం పెట్టుకోవాలి, ఏం ఇంట్లో వదిలిపెట్టాలి. పాఠం పూర్తిచేశాక మీరు ఒక యాత్ర కార్యక్రమాన్ని చూసి దానికి ఎంత ఫోకల్ లెంగ్త్ కావాలో లెక్కకట్టగలగాలి. ఉన్న సామగ్రితో సరిపెట్టుకోవచ్చో, ఏదైనా అద్దెకు తెచ్చుకోవాలో నిర్ణయించుకోగలగాలి.

"ఏ కెమెరా మంచిదండీ?" అని సంపర్క తరగతుల్లో విద్యార్థులు తరచూ అడుగుతుంటారు. యాత్ర ఎక్కడికో, ఏ వేళకు ఎక్కడ ఉంటారో, వెంట ఎవరు వస్తున్నారో తెలియకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేం. పెళ్ళివంటకు వాడే గుండిగ ఎంత మంచిదైనా, ఇంట్లో ఇద్దరికి అన్నం వండడానికి అది పనికిరాదు కదా. కాబట్టి కెమెరా సంగతి కాసేపు పక్కనపెట్టి, యాత్ర నుంచి మొదలుపెడదాం.

గోదావరి జిల్లాల కుటుంబాలు తరచూ వెళ్ళే రెండు యాత్రలను ఉదాహరణలుగా తీసుకుందాం. మొదటిది పాపికొండల పడవ ప్రయాణం. రెండోది రాత్రి రాజమహేంద్రవరంలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారి హైదరాబాద్‌లో దిగి చూసివచ్చే రామోజీ ఫిల్మ్ సిటీ. 1996లో మొదలై, 1,600 ఎకరాలకు పైగా విస్తరించి, ప్రపంచంలోనే అతిపెద్ద ఫిల్మ్ స్టూడియో సముదాయంగా గిన్నిస్ పుస్తకానికెక్కిన ఈ ప్రదేశం పర్యాటకుల పాలిట ఒక థీమ్ పార్కు కూడా. ఒకటి నది, మరొకటి సెట్టింగు. అయినా ఫొటోగ్రాఫర్‌కు రెండింటిలోనూ ఒక ఇబ్బంది ఉమ్మడిగా ఉంది: ఎక్కడ నిలబడాలో, ఎంతసేపు నిలబడాలో మీ చేతిలో ఉండదు. పడవ ఆగమంటే ఆగదు. షో మళ్ళీ మొదలుపెట్టమంటే పెట్టరు. సామగ్రి ఎంపికకు ఇదే అసలు ఆధారం.

7.2 ముందు కార్యక్రమం రాసుకోండి

ఒక కాగితం మీద ఆ రోజు కార్యక్రమాన్ని వేళల ప్రకారం రాయండి. ప్రతి అంశం ఎదుట మూడు విషయాలు రాయాలి: తీయదలచిన వస్తువు ఎంత దూరంలో ఉంటుంది, వెలుతురు ఎంత ఉంటుంది, మీకూ దానికీ మధ్య అడ్డం ఏమిటి. అడ్డం అంటే జనం కావచ్చు, నీళ్ళు కావచ్చు, "ఇక్కడ కెమెరా వాడరాదు" అనే బోర్డు కావచ్చు.

పాపికొండల యాత్రను ఇలా రాసి చూద్దాం. పొద్దున్నే రాజమహేంద్రవరంలో బయలుదేరి, గండిపోచమ్మ గుడి దగ్గర రేవులో పడవ ఎక్కుతారు. పడవ ఎగువకు సాగి, నది ఇరుకై రెండు పక్కలా కొండలు దగ్గరపడే చోటికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం అవుతుంది. అంటే యాత్ర మొత్తానికి అందమైన దృశ్యం, రోజు మొత్తంలో అధ్వానమైన వెలుతురులో ఎదురవుతుంది. నడినెత్తిన సూర్యుడు, నీళ్ళ మీద తళతళ, కొండల మీద మసక. పేరంటాలపల్లిలో దిగితే చెట్ల నీడ, గుడి ప్రాంగణం, వెదురు వస్తువులు అమ్మే కొండరెడ్లు. ఇక్కడ వస్తువులన్నీ రెండు మూడు మీటర్ల దూరంలోనే ఉంటాయి. తిరుగు ప్రయాణంలో ఎండ వాలుతుంది, కొండల నీడ నీటి మీద పడుతుంది. మంచి ఫొటోలు వచ్చే వేళ అదే. కానీ అప్పటికి ఎక్కువమంది ఫోన్లలో బ్యాటరీ అయిపోయి ఉంటుంది. కార్యక్రమం రాసుకున్నవారికి ఈ సంగతి ఇంటి దగ్గరే తెలుస్తుంది.

ఫిల్మ్ సిటీ కాగితం వేరేగా ఉంటుంది. పగలంతా బస్సులో తిప్పుతూ సెట్లు చూపిస్తారు. వాటిలో చాలావరకు నిలువెత్తు ముఖద్వారాలు, తోటలు. దగ్గర నుంచి వెడల్పుగా తీయాలి. మధ్యలో స్టంట్ షో, మూసిన హాల్లో నృత్యప్రదర్శన ఉంటాయి. అక్కడ మీరు కుర్చీలో కూర్చుని ఉంటారు, వేదిక దూరం, వెలుతురు తక్కువ, మనుషులు కదులుతుంటారు. పాపికొండల్లో వెలుతురు ఎక్కువై ఇబ్బంది పడితే, ఇక్కడ చాలక ఇబ్బంది పడతారు.

7.3 దూరం లెక్క

ఫోకల్ లెంగ్త్‌ను మీ ఇంటర్మీడియెట్ భౌతికశాస్త్రంలో నాభ్యంతరం అనే పేరుతో చదువుకున్నారు. ఇక్కడ కావలసిన సూత్రం చాలా చిన్నది. ఫ్రేములో పట్టే వెడల్పు కావాలంటే, వస్తువు దూరాన్ని సెన్సార్ వెడల్పుతో గుణించి, ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. ఎక్కువమంది కొనే ఏపీఎస్-సీ రకం కెమెరాల సెన్సార్ వెడల్పు దాదాపు 23.5 మిల్లీమీటర్లు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలకైతే 36 మిల్లీమీటర్లు.

పడవ డెక్కు మీద ఇంటిల్లిపాదీ నిలబడ్డారనుకోండి. వరుస వెడల్పు 4 మీటర్లు, మీరు వెనక్కి జరగగలిగేది 3 మీటర్లే. 23.5ను 3తో గుణించి 4తో భాగిస్తే 17.6 వస్తుంది. అంటే కెమెరాతో పాటు ఇచ్చే 18-55 లెన్స్ వెడల్పు కొస బొటాబొటిగా సరిపోతుంది. 50 మిల్లీమీటర్ల లెన్స్ ఒక్కటే తీసుకెళ్ళినవారు ఇక్కడ తాతగారినో, మేనత్తనో ఫ్రేము బయట వదిలేయాలి. అదే 18 మిల్లీమీటర్ల దగ్గర 300 మీటర్ల దూరంలోని కొండవాలు వైపు తిప్పితే దాదాపు 390 మీటర్ల వెడల్పు పడుతుంది. గట్టు మీద 60 మీటర్ల దూరంలో ఉన్న వెదురు గుడిసెలను 12 మీటర్ల మేర మాత్రమే కావాలనుకుంటే 117 మిల్లీమీటర్లు అవసరం. అది 55 దగ్గర ఆగిపోయే లెన్స్‌కు అందదు.

ఇప్పుడు ఫిల్మ్ సిటీ వేదిక. మీ కుర్చీ నుంచి 30 మీటర్లు అనుకుందాం. 3 మీటర్ల మేర ఉన్న నర్తకుల బృందం ఫ్రేము నిండాలంటే 235 మిల్లీమీటర్లు కావాలి. ఫోన్ ప్రధాన కెమెరా అదే దూరంలో దాదాపు 40 మీటర్ల వెడల్పును పట్టేస్తుంది. ఫొటో 4,000 పిక్సెళ్ళ వెడల్పు ఉంటే, అందులో ఆ బృందానికి దక్కేది 300 పిక్సెళ్ళు. రెండు వేళ్ళతో తెరను సాగదీసి "జూమ్ చేశాను" అనుకోవడం ఆ 300 పిక్సెళ్ళను పెద్దవి చేసి చూడడమే. అలా సాగదీసినందువల్ల కొత్త వివరం ఏదీ రాదు. ఫోన్‌లో విడిగా టెలిఫొటో లెన్స్ ఉంటే ఆ మేరకు మాత్రం నిజమైన లాభం ఉంటుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యంలో మడచెట్ల మధ్య వేసిన చెక్కబాట మీద నిలబడ్డారు. అర మీటరు పొడవున్న కొంగ 25 మీటర్ల దూరంలో బురదలో ఉంది. అది ఫ్రేము వెడల్పులో నాలుగోవంతు ఆక్రమించాలంటే ఏపీఎస్-సీ కెమెరాలో ఎంత ఫోకల్ లెంగ్త్ కావాలి? (ఫ్రేములో పట్టవలసిన వెడల్పు 2 మీటర్లు. జవాబు దాదాపు 294 మిల్లీమీటర్లు. 70-300 లెన్స్ ఎందుకు కొంటారో దీన్నిబట్టి అర్థమవుతుంది.)

7.4 వెలుతురు లెక్క

235 మిల్లీమీటర్లు కావాలని తేలింది కదా, పెద్ద జూమ్ తీసుకెళ్తే నృత్యప్రదర్శన సమస్య తీరినట్లేనా? తీరదు. చౌక జూమ్ లెన్సులు పొడవుగా సాగినప్పుడు వాటి అపర్చర్ ఎఫ్/5.6కో, ఎఫ్/6.3కో కుదించుకుపోతుంది. వేదిక వెలుతురులో ఐఎస్ఓ 1600 దగ్గర ఎఫ్/5.6కు 1/15 సెకను వచ్చిందనుకోండి. నర్తకి చేయి ఆ వ్యవధిలో ఎంతో దూరం కదిలిపోతుంది. అదే ఎఫ్/1.8 లెన్స్ అయితే దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది. 1/15 కాస్తా 1/150 దరిదాపులకు చేరుతుంది. చవకగా దొరికే 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్స్ ఇక్కడ పనికొస్తుంది. కాకపోతే నర్తకులు చిన్నగా పడతారు. వేదిక మొత్తాన్ని, దాని రంగుల వెలుగుతో సహా తీయడానికి సిద్ధపడాలి. నా అభిప్రాయంలో ఆ ఫొటోయే బాగుంటుంది. మొహాలు మాత్రమే కనిపించే ఫొటో ఏ ఊరి వేదిక మీదైనా తీయవచ్చు.

లెన్స్ మీద "స్టెబిలైజేషన్" అని రాసి ఉంటే అన్నీ స్థిరంగా వస్తాయని చాలామంది నమ్ముతారు. అది మీ చేతి వణుకును మాత్రమే సరిదిద్దుతుంది. ఎదుట కదిలే మనిషిని ఆపలేదు. పడవ సంగతి ఇంకా వేరు: ఇంజను అదురు డెక్కు రెయిలింగ్ గుండా కెమెరాలోకి పాకుతుంది. అందుకని మోచేతులను రెయిలింగ్‌కు ఆనించకండి. ఒంటికి దగ్గరగా పెట్టుకుని, షట్టర్ వేగం 1/250కు తగ్గకుండా చూసుకోండి. పగటివేళ ఇది కష్టమేమీ కాదు.

మిట్టమధ్యాహ్నపు తళతళకు పోలరైజింగ్ ఫిల్టర్ మంచి మందు. నీటి ఉపరితలంతో దాదాపు 37 డిగ్రీల కోణంలో చూసినప్పుడు దాని ప్రభావం అత్యధికం. కాబట్టి దూరపు నీటి మీద కంటే పడవకు చేరువలో ఉన్న నీటి మీద బాగా పనిచేస్తుంది. కొండల మీది పచ్చదనం పైనుండే మెరుపును కూడా తగ్గించి ఆకుపచ్చను నిలబెడుతుంది. దీని ఖరీదు ఒకటిన్నర స్టాపు వెలుతురు. గుడి మండపంలోకి వెళ్ళేటప్పుడు విప్పేయాలి. ఫోన్ వాడేవారు పోలరాయిడ్ చలువ కళ్ళద్దాన్ని లెన్స్ ముందు పెట్టి మెల్లగా తిప్పి చూడవచ్చు. రంగు కాస్త మారినా, నీళ్ళలో తేడా కళ్ళకు కడుతుంది.

పడవలో ఎదురయ్యే మరో చిక్కు పైకప్పు. మనుషులు నీడలో, వెనక నది ఎండలో. కెమెరా నదిని చూసి కొలుస్తుంది, మొహాలు నల్లబడతాయి. ఇలాంటి చోట పగలే ఫ్లాష్ వెలిగించాలి. రెండు మూడు మీటర్ల దూరానికి చిన్న ఫ్లాష్ చక్కగా సరిపోతుంది. అదే ఫ్లాష్‌ను 30 మీటర్ల దూరపు వేదిక మీద వెలిగిస్తే, ముందు వరుసలో కూర్చున్నవారి తలలు తప్ప మరేమీ వెలగవు.

7.5 నీళ్ళు, చెమ్మ, జనం

2019 సెప్టెంబర్ 15న దేవీపట్నం దగ్గర కచ్చులూరు వద్ద పాపికొండలకు వెళ్తున్న పర్యాటకుల పడవ మునిగి ఎంతోమంది చనిపోయారు. సామగ్రి గురించి మాట్లాడే పాఠంలో ఈ విషాదాన్ని ఎందుకు గుర్తుచేస్తున్నామంటే, పడవలో కెమెరా ఉన్నవారే లైఫ్ జాకెట్ విప్పాలని, రెయిలింగ్ మీదికి వంగాలని ఎక్కువగా ఉబలాటపడతారు. జాకెట్ వేసుకున్నాక కెమెరా పట్టీని దాని పైనుంచి వేసుకోండి. జాకెట్ కింద పట్టీ ఉంటే దాన్ని సర్దుకోవడానికి జాకెట్ విప్పవలసి వస్తుంది. పట్టీ అడ్డంగా ఒంటికి చుట్టుకునేది కాకుండా, ఒక్క లాగుతో తలమీదుగా తీసేయగలిగేదై ఉండాలి. అందరూ ఒక్క వైపుకే వచ్చి ఫొటో తీయడం పడవకు మంచిది కాదు. సరంగు వద్దంటే మానేయాలి. ఆ వైపు దృశ్యం మీకు దూరమైందా, అందుకే సంచిలో జూమ్ ఉంది.

నీళ్ళ చినుకుల నుంచి కెమెరాను కాపాడడానికి ఖరీదైన కవర్లు అవసరం లేదు. పాలిథిన్ సంచికి లెన్స్ మేర రంధ్రం చేసి రబ్బరు బ్యాండు వేస్తే చాలు. ఫోన్‌కు మెడలో వేలాడే పారదర్శకపు పౌచ్ తీసుకోండి. ముందుగా అందులో కాగితం పెట్టి నీళ్ళ బకెట్టులో ముంచి చూడాలి. అంతర్వేది లాంటి చోట, వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే తీరాన, సమస్య నీళ్ళ కంటే ఉప్పుగాలి. ఇంటికి రాగానే కొద్దిగా తడిపి పిండిన మెత్తని గుడ్డతో కెమెరా ఒంటిని తుడవాలి. లెన్స్ అద్దాన్ని మాత్రం విడి గుడ్డతోనే తుడవండి.

డెల్టాలో కెమెరాలకు అసలు శత్రువు ఇంట్లోనే ఉంది. అది చెమ్మ. వానాకాలంలో బీరువాలో, తోలు సంచిలో నెలల తరబడి పెట్టిన లెన్స్‌లో బూజు పుడుతుంది. సాలెగూడులా సన్నని పోగులుగా మొదలై, వదిలేస్తే అద్దం మీది పూతను తినేస్తుంది. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో ఉంచితే చాలావరకు తప్పించుకోవచ్చు. నీలం రంగు గింజలు గులాబీ రంగుకు తిరిగితే వేడిచేసి మళ్ళీ వాడాలి. అప్పుడప్పుడూ కెమెరాను బయటికి తీసి వాడడం కూడా ఒక రక్షణే.

ఏసీ బోగీలో రాత్రంతా చల్లబడిన కెమెరాను తెల్లవారి రాజమహేంద్రవరం ప్లాట్‌ఫారం మీద బయటికి తీస్తే, లెన్స్ మీద వెంటనే ఆవిరి పట్టేస్తుంది. సంచి జిప్పు తెరవకుండా అరగంట ఆగండి. ఆ లోపల కెమెరా బయటి వేడికి అలవాటుపడుతుంది.

జనం ఉన్నచోట లెన్స్ మార్చే పని పెట్టుకోకూడదు. కనుమ రోజున అంబాజీపేట మండలంలోని జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళిన వారికి ఈ మాట వివరించి చెప్పనక్కర్లేదు. ఏకాదశ రుద్రుల ప్రభలు భుజాల మీద వరిచేల గుండా, కౌశిక కాలువ దాటి వస్తుంటాయి. ప్రభ మీదికి వచ్చేస్తుంటే లెన్స్ మూత వెతుక్కునే తీరిక ఎవరికీ ఉండదు. ఒకే జూమ్ పెట్టుకుని, కెమెరాను నిలువుగా పట్టుకుని, మోసేవారి దారికి అడ్డం లేకుండా నిలబడాలి. థీమ్ పార్కు రద్దీలో కూడా ఇదే పద్ధతి.

7.6 మీ సంచి ఏది?

పైన చెప్పినవన్నీ చదివి పెద్ద జాబితా తయారుచేసుకునే ప్రమాదముంది. మోయవలసింది మీరే, అదీ పిల్లాడిని ఒక చేత్తో పట్టుకుని. అందుకని గట్టిగా తగ్గించుకోవాలి.

చేతిలో మంచి ఫోన్ ఉండి, పాపికొండలకు కుటుంబంతో మొదటిసారి వెళ్తుంటే, కెమెరా కొననక్కర్లేదు. పౌచ్, పవర్ బ్యాంక్, చలువ కళ్ళద్దం చాలు. ఆ డబ్బుతో వచ్చే ఏడాది మరో యాత్ర చేయవచ్చు. మార్చుకునే లెన్సుల కెమెరా ఇప్పటికే ఉన్నవారు పాపికొండలకు 18-55తో పాటు పోలరైజర్, ఫిల్మ్ సిటీకి 18-55తో పాటు 50 ఎఫ్/1.8 తీసుకెళ్ళండి. రెండు యాత్రలకూ రెండు లెన్సులు మించవద్దు. పక్షుల కోసం కోరింగ వెళ్ళేవారికి మాత్రం పొడవాటి జూమ్ తప్పదు. అక్కడ లెన్స్ కంటే వేళ కూడా ముఖ్యం: ఆటుపోట్ల వేళలు కనుక్కుని పాటు సమయానికి చేరితే బురద, వేళ్ళు, వాటి మధ్య తిరిగే ప్రాణులు బయటపడతాయి.

ఏడాదికొకసారి వాడే పొడవాటి జూమ్‌ను కొనడం కంటే అద్దెకు తెచ్చుకోవడం మేలు. మీ ఊళ్ళో పెళ్ళి ఫొటోలు తీసే స్టూడియో వారిని అడిగితే దారి చెబుతారు. పెళ్ళిళ్ళ సీజన్లో మాత్రం దొరకదు. పాత లెన్స్ కొంటుంటే, దాని వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడు పోగులు కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వద్దు.

ట్రైపాడ్ సంగతి చాలామంది అడుగుతారు. కదిలే పడవలో అది నిరుపయోగం. థీమ్ పార్కుల్లో చాలాచోట్ల అనుమతించరు. సెల్ఫీ కర్రలు కూడా అంతే: 2015లో అమెరికాలోని డిస్నీ పార్కులు వాటిని నిషేధించాయి, రైడ్ల మీద అవి ప్రమాదమని. రైడ్ ఎక్కేముందు కెమెరాను కింద ఉన్నవారికి ఇచ్చేయండి. కింద నిలబడి తీసేవారికే మంచి ఫొటో వస్తుంది: 1/1000 దగ్గర కుర్చీలు గాలిలో ఆగినట్లు, 1/30 దగ్గర కెమెరాను రైడ్‌తో పాటు తిప్పుతూ తీస్తే వెనకదంతా చారలుగా పడతాయి.

కార్డు విషయం త్వరగా ముగిద్దాం. 24 మెగాపిక్సెల్ జేపెగ్ ఫొటో ఒక్కోటి 10 ఎంబీ అనుకుంటే 32 జీబీ కార్డులో మూడువేల దాకా పడతాయి. 4కే వీడియో మాత్రం నిమిషానికి 750 ఎంబీ దాకా మింగవచ్చు; ముప్పావుగంట లోపలే అదే కార్డు నిండిపోతుంది. ఒక పెద్ద కార్డు కంటే రెండు చిన్నవి మేలు. మిర్రర్‌లెస్ కెమెరాలు బ్యాటరీని త్వరగా తాగుతాయి కాబట్టి రెండో బ్యాటరీ కూడా అవసరమే.

7.7 మనుషులు, అనుమతులు

పేరంటాలపల్లిలో వెదురు బుట్ట అమ్మే మనిషి యాత్రికుల కోసం పెట్టిన సెట్టింగు కాదు. అడిగి తీయండి. వద్దంటే కెమెరా దించండి. పొడవాటి జూమ్‌తో దూరం నుంచి రహస్యంగా తీయడం అడగకుండా తీయడమే అవుతుంది. బుట్ట కొని, నాలుగు మాటలాడి, 35-50 మిల్లీమీటర్ల దగ్గర తీసిన ఫొటోలో కళ్ళు మీ వైపు చూస్తాయి. అభయారణ్యంలో కెమెరాకు విడిగా రుసుము ఉందేమో టికెట్ దగ్గరే అడగండి. డ్రోన్‌కు 2021 డ్రోన్ నిబంధనలు వర్తిస్తాయి, ఆపైన స్థానిక అధికారుల, అటవీశాఖ అనుమతుల సంగతి వేరే ఉంటుంది. ఈ కోర్సు స్థాయిలో దాన్ని ఇంట్లో వదిలేయమనే చెబుతాం.

అమెరికాలోని డిస్నీ పార్కుల్లో ఒకప్పుడు కొడాక్ కంపెనీ "ఇక్కడ నిలబడి ఫొటో తీయండి" అని సూచించే బోర్డులు పెట్టేది. లక్షలమంది అక్కడే నిలబడి ఒకే ఫొటో తీసుకున్నారు. అలాంటి బోర్డు లేకపోయినా ఫిల్మ్ సిటీలోనూ, మన గోదావరి గట్టు మీదా జనం నిలబడే జాగా ఒక్కటే. అక్కడ ఒకటి తీసుకుని, పది అడుగులు పక్కకు జరిగి మరొకటి తీయండి.

అభ్యాసం

యాత్రకు వారం ముందు, తీసుకెళ్ళదలచిన సంచినే భుజాన వేసుకుని ఒక సాయంత్రం రాజమహేంద్రవరంలో గోదావరి గట్టుకు వెళ్ళండి. ఊరు నదికి తూర్పు ఒడ్డున ఉంది కాబట్టి సూర్యుడు కొవ్వూరు వైపు, నీటి మీదుగా అస్తమిస్తాడు. 1997లో వాడుకలోకి వచ్చిన ఆర్చ్ వంతెన మీద రైలు వెళ్తుండగా, అస్తమయానికి అరగంట ముందు ఒకటి, అరగంట తరువాత ఒకటి తీయండి. రెండింటి అపర్చర్, షట్టర్ వేగం, ఐఎస్ఓ నోటుపుస్తకంలో రాసుకోండి. ఇంటికి వచ్చి సంచిలోంచి బయటికి తీయని వస్తువులు ఏమిటో చూసి, వాటిని పక్కన పెట్టండి. మిగిలినవాటిని తూకం వేసి, ఆ బరువును కూడా నోటుపుస్తకంలో రాయండి.